డబుల్స్ అంటే చేతకానివాళ్ల ఆటా? సానియా మీర్జా గురించి మా అమ్మాయికి ఏం చెప్పాలి?

మహేంద్రతనయ – పర్లాకిమిడి – శుక్రవారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఎనిమిదో ఏట నుంచి టెన్నిస్ ఆడుతోంది. మా ఊరి క్లబ్బులో ఉన్నది ఒక్కటే మట్టి కోర్టు. పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర దాకా పిల్లలకి, సాయంత్రం పెద్దవాళ్లకి. దీపావళి తర్వాత కుడి మణికట్టు నొప్పి అంది. అక్కడ నేర్పించే ఆయన క్రేప్ బ్యాండేజీ చుట్టి, టోర్నమెంటు దగ్గరపడింది, ఇప్పుడు ఆపకూడదని ఆడించాడు. నేనూ వద్దనలేదు. జనవరిలో ఒకరోజు స్కూలు నుంచి టీచరు ఫోన్. నోట్సు రాస్తూ రాస్తూ పెన్ను కింద పెట్టేసి ఏడుస్తోందట. విశాఖపట్నం తీసుకెళ్లి చూపించాం. ఆరు వారాలు రాకెట్ ముట్టుకోవద్దన్నారు. ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టాలి, ఈ ఏడాదికి సింగిల్స్ పోటీలు వద్దు, కావాలంటే డబుల్స్ ఆడించండి అన్నారు.

తిరుగు ప్రయాణంలో బస్సు నరసన్నపేట దాటేదాకా నోరు విప్పలేదు. తర్వాత అంది: "డబుల్స్ అంటే సాయంత్రం క్లబ్బులో తాతలు ఆడేదే కదా నాన్నా." సానియా కూడా సింగిల్స్ వదిలేసి డబుల్సే ఆడింది కదమ్మా అన్నాను. "చేతకాక వదిలేసింది" అంది. దాని మంచం పక్క గోడకి ఉన్నది సానియా బొమ్మే. అలాంటిది ఆ మాట అనేసరికి నాకేం చెప్పాలో తోచలేదు. సానియా గెలిచిన రోజుల్లో అది నాలుగైదేళ్ల పిల్ల, ఏదీ చూడలేదు. నేనూ పేపర్లో చదివినవాడినే తప్ప ఆట లోతు తెలిసినవాడిని కాదు. మీలో చూసినవాళ్లు, ఆడినవాళ్లు ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దానికి చదివి వినిపిస్తాను.


రుషికుల్య – బరంపురం – శుక్రవారం రాత్రి 10:02

బాబూ, ముందు పాపకి చెప్పు, చేతకాక వదిలేసిన మనిషి కాదు ఆవిడ. నేను కళ్లారా చూశాను.

2005 ఫిబ్రవరి. మా మేనకోడలి పెళ్లి మాటల కోసం హైదరాబాదు వెళ్లాను. మా బావమరిదికి టెన్నిస్ పిచ్చి. నాంపల్లి నుంచి ఇద్దరం నడుచుకుంటూ ఫతే మైదాన్‌కి, అదే ఎల్బీ స్టేడియంకి, వెళ్లాం. హైదరాబాద్ ఓపెన్ ఫైనల్. అవతల ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండరెంకో. మొదటి సెట్ 6-4తో సానియాదే. రెండోది 5-7తో పోయింది. మా పక్కన కూర్చున్న ముసలాయన తస్బీ (జపమాల) తిప్పుతూ కళ్లు మూసుకున్నాడు, పాయింటు అయ్యాక ఏమైందని మమ్మల్ని అడిగేవాడు. మూడోది 6-3. డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ. అప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్లు.

ఆ ఫోర్‌హ్యాండ్ (అరచేయి ముందుకు ఉంచి కొట్టే దెబ్బ) చప్పుడు నాకిప్పటికీ గుర్తే. మన క్లబ్బుల్లో బంతి తగిలితే 'టప్' అంటుంది. ఆవిడ కొడితే తలుపు గట్టిగా వేసినట్టుండేది.

అంతకుముందు నెలే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండు దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4తో ఓడింది. గ్రాండ్‌స్లామ్‌లో, అంటే ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నమెంట్లలో, మూడో రౌండు చేరిన మొదటి భారతీయ మహిళ కూడా తనే. ఆ ఏడాది టైటిల్ సెరెనాదే. హైదరాబాద్ అయ్యాక కొన్ని వారాలకే దుబాయ్‌లో స్వెత్లానా కుజ్నెత్సోవాని 6-4, 6-2తో కొట్టింది. కుజ్నెత్సోవా అంటే అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు, అక్కడ షరపోవా ఆపింది. 2007 ఆగస్టుకి సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు. మన దేశం నుంచి ఏ అమ్మాయీ ఇప్పటిదాకా అంత పైకి వెళ్లలేదు. ఇదంతా సింగిల్స్ లెక్కే.


నాగావళి – రాయగడ – శుక్రవారం రాత్రి 10:40

రుషికుల్య మాస్టారు చెప్పినదాని తర్వాత ఏం జరిగిందో నేను చెప్తాను. పాపకి వినిపించాల్సింది అదే.

మీ అమ్మాయికి నొప్పి వచ్చిన చోటే ఆవిడకీ వచ్చింది. కుడి మణికట్టు. 2008లో ఆపరేషన్ అయింది. అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్. చెక్ అమ్మాయి ఇవెటా బెనెసోవా మీద మొదటి సెట్ 1-6, రెండో సెట్లో 1-2 దగ్గర ఇక చెయ్యి సహకరించక ఆట మధ్యలో ఆపేసి బయటికొచ్చింది. మొదటి ఒలింపిక్స్ అలా అయ్యింది. ఆ రోజుల్లో దువ్వెన పట్టుకుని తల దువ్వుకోవడం కూడా కష్టమైందని, నెలల తరబడి డిప్రెషన్‌లో ఉన్నానని తర్వాత తనే చెప్పింది. మీ పాప పెన్ను కింద పెట్టేసిందని చదవగానే నాకు ఆ దువ్వెన గుర్తొచ్చింది.

మరుసటి జనవరిలో, అంటే 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో, మహేశ్ భూపతితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. మొదటి గ్రాండ్‌స్లామ్. అంతకుముందు ఏడాది అదే జోడీ అక్కడే ఫైనల్లో ఓడింది. ఇద్దరూ మళ్లీ 2012లో ఫ్రెంచ్ ఓపెన్ కూడా గెలిచారు.

సింగిల్స్ ఆపింది 2013లో. రెండు మోకాళ్లకీ, మణికట్టుకీ కలిపి అప్పటికి మూడు ఆపరేషన్లు. సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడితే ఒంటి మీద పడే భారం రెట్టింపు. ఏదో ఒకటి ఎంచుకోకపోతే రెండూ పోయేవి. చేతకాకపోవడం వేరు, చెయ్యిని కాపాడుకోవడం వేరు.

నేను కాలేజీలో యూనివర్సిటీకి ఆడాను. భుజం నొప్పి వచ్చింది. ఎవరూ ఆగమనలేదు, నాకు ఆగడం తెలియదు. ఇరవై రెండుకి రాకెట్ అటక మీదకి వెళ్లిపోయింది. మీ డాక్టరు ఆరు వారాలు ఆగమన్నారంటే ఆ మాట పాటించండి. దయచేసి.


బల్లార్షా కుర్రాడు – బల్లార్‌పూర్ – శుక్రవారం రాత్రి 11:25

అందరి మీదా గౌరవంతోనే రాస్తున్నా. పాప అన్నదాంట్లో కొంత నిజం ఉంది, అది కాదనకూడదు.

టెన్నిస్‌లో జనం చూసేది సింగిల్స్. ప్రైజ్ మనీ ఎక్కువ సింగిల్స్‌కే. సింగిల్స్‌లో టాప్‌లో ఉన్నవాళ్లు చాలామంది డబుల్స్ ఆడరు. సానియాకి ఉన్న సింగిల్స్ టైటిల్ ఒక్కటే, ఆ 2005 హైదరాబాదుది. మణికట్టు బాగుండుంటే ఆవిడ సింగిల్స్ వదిలేది కాదు. నేను చిన్నప్పుడు ఆవిడ క్వార్టర్ ఫైనల్ ఆడుతుందని ప్రతి గ్రాండ్‌స్లామ్‌కీ ఎదురుచూసేవాణ్ని. అది జరగలేదు. ఆ బాధ నిజమే. పాపకి ఆ బాధ లేదని చెప్పడం ఎందుకు? బాధ ఉన్నా ఇంకో దారిలో వెళ్లిందని చెప్పండి. పద్నాలుగేళ్ల పిల్లలకి ఏది నిజమో ఏది సర్దుబాటో ఇట్టే తెలిసిపోతుంది.


ప్రాణహిత – సిరోంచ – శనివారం పొద్దున 6:50

స్కూలుకి బయల్దేరే ముందు రాస్తున్నా. నేను ఇక్కడ జిల్లా పరిషత్ స్కూల్లో పీటీ టీచర్ని.

తమ్ముడూ, నువ్వన్న బాధ నిజమే. సింగిల్స్ పోయింది కాబట్టి డబుల్స్‌లో సర్దుకుంది అనే మాట మాత్రం సరైంది కాదు. ఏది ముందు వచ్చిందో ఒకసారి చూడు. 2002 బుసాన్ ఏషియన్ గేమ్స్‌లో లియాండర్ పేస్‌తో మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం. అప్పుడు సానియాకి పదహారు కూడా నిండలేదు. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్, రష్యా అమ్మాయి అలీసా క్లెయ్‌బనోవాతో. 2004లో హైదరాబాద్ ఓపెన్‌లో లీజెల్ హ్యూబర్‌తో డబుల్స్ టైటిల్, అదే ఆవిడ మొదటి డబ్ల్యూటీఏ టైటిల్. ఇవన్నీ మాస్టారు చూసిన ఆ ఫైనల్‌కి ముందే. మణికట్టు దెబ్బతినక ముందే ఆ అమ్మాయి చేతిలో డబుల్స్ ఉంది. తర్వాత ఉన్నదాన్నే పదును పెట్టుకుంది.

అన్నా, మీ క్లబ్బులో తాతలు ఆడే డబుల్స్ నాకు తెలుసు, మా దగ్గర ఫారెస్టు వాళ్ల కోర్టులోనూ అదే. నలుగురూ బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గరే నిలబడి బంతిని అటూ ఇటూ పంపుకుంటారు. పాప చూసింది అదే కాబట్టి అదే డబుల్స్ అనుకుంది. అసలు డబుల్స్‌లో టైమే ఉండదు. కోర్టు వెడల్పు 27 అడుగుల నుంచి 36 అడుగులు అవుతుంది, ఒక్కో పక్కన ట్రామ్‌లైన్ అనే నాలుగున్నర అడుగుల పట్టీ కలుస్తుంది. నెట్ దగ్గర నిలబడినవాళ్లకి బంతి కళ్ల ముందుకి వచ్చేసరికి ఆలోచించే వీలు లేదు, ముందే అనుకుని ఉండాలి. సర్వీసు చేసే ముందు ఇద్దరూ బంతి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుకోవడం టీవీలో చూసే ఉంటారు. సర్వీసు ఎటు వేయాలి, నెట్ దగ్గర ఉన్న మనిషి అడ్డం దూకాలా ఉండిపోవాలా, అదంతా ఆ రెండు మాటల్లో తేలిపోవాలి.

ఇంకొకటి. మామూలు డబ్ల్యూటీఏ టోర్నమెంట్లలో డబుల్స్‌కి అడ్వాంటేజ్ (40-40 తర్వాత వరుసగా రెండు పాయింట్లు గెలవాలనే పద్ధతి) ఉండదు. 40-40 అయితే ఒక్క పాయింటుతో గేము అయిపోతుంది. సెట్లు చెరొకటి అయితే మూడో సెట్ బదులు పది పాయింట్ల టై-బ్రేక్. కోలుకోవడానికి వ్యవధి ఉండదు. అలాంటి చోట్లా, గ్రాండ్‌స్లామ్‌లలోనూ కలిపి 2015, 2016లో సానియా, మార్టినా హింగిస్ వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. నలభై ఒకటి. బెల్లు టైమైంది, మిగతాది సాయంత్రం.


నాగావళి – రాయగడ – శనివారం మధ్యాహ్నం 1:15

ప్రాణహిత చెల్లి హింగిస్ పేరు ఎత్తింది కాబట్టి, పాపకి ఒక్క మ్యాచ్ చూపించాలంటే ఏది చూపించాలో చెప్తాను. 2015 వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్.

ఆ రోజు శనివారం. మా అత్తగారు పక్కగదిలో పడుకున్నారని టీవీ సౌండు పూర్తిగా తీసేసి చూశాను. అవతల రష్యా జోడీ, మకరోవా, వెస్నినా. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టై-బ్రేక్‌లో లాగారు. మూడో సెట్లో 2-5. అంటే ఇంకొక్క గేము పోతే అంతా అయిపోయినట్టే. నేను లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్లాను, చూడలేక. తిరిగొచ్చేసరికి 3-5. తర్వాత 4-5. తర్వాత 5-5. అక్కడ చీకటి పడిందని ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూశారు, లైట్లు వేశారు. ఆ విరామంలో నాకు నిద్ర ఎలా వస్తుంది? వంటింట్లో నిలబడి రేపటి పప్పు ఏరుకున్నాను. మళ్లీ మొదలయ్యాక రెండు గేములూ వీళ్లవే. 7-5. మనకప్పుడు అర్ధరాత్రి దాటి చాలాసేపైంది. గోడ గడియారం చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ లేదు, నేను ఒక్కదాన్నే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను.

వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన మొదటి భారతీయ మహిళ. అప్పటికే ఏప్రిల్లో చార్లెస్టన్ గెలిచి డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యింది. మొత్తం కెరీర్లో 91 వారాలు ఆ స్థానంలో ఉంది. చేతకానివాళ్లని 91 వారాలు పైన ఎవరూ కూర్చోనివ్వరు.


వంశధార – గుణుపురం – శనివారం మధ్యాహ్నం 3:30

నేను ఫిజియోథెరపీ చేస్తాను. పాపకి నొప్పి ఎందుకొచ్చిందో ఎవరూ రాయలేదు కాబట్టి ఒక్క విషయం. చూసిన డాక్టరుదే ఆఖరి మాట, ఇవి అడగడానికి పనికొచ్చే ప్రశ్నలు మాత్రమే.

నొప్పి బొటనవేలి వైపా, చిటికెనవేలి వైపా? టాప్‌స్పిన్ (బంతి ముందుకు గిర్రున తిరిగేలా కొట్టడం) ఎక్కువ కొట్టే పిల్లల్లో, పట్టు బాగా కిందికి తిప్పి పట్టుకునేవాళ్లలో, చిటికెనవేలి వైపు నొప్పి రావడం నేను తరచూ చూస్తాను. రాకెట్ ఎవరిది? పెద్దవాళ్ల రాకెట్ ఇచ్చి ఆడించారా? పిడి లావు ఆ చేతికి సరిపోతుందా? తీగలు ఎంత బిగువుగా ఉన్నాయి? మన ఊళ్లలో తీగలు తెగేదాకా మార్చరు, గట్టి పాలియెస్టర్ తీగ పాతబడే కొద్దీ మొద్దుబారి దెబ్బంతా చేతికి వస్తుంది. పిల్లలకి మెత్తటి తీగ, తక్కువ బిగువు మంచిది.

వాలీలో, అంటే బంతి నేలని తాకకముందే కొట్టే దెబ్బలో, చెయ్యి ఊపు చాలా తక్కువ, మణికట్టు కదపకుండా గట్టిగా ఉంచి ఆడాలి. బలమైన ఫోర్‌హ్యాండ్ కంటే దాని మీద భారం తక్కువ. మీ డాక్టరు డబుల్స్ అన్నది అందుకే అయ్యుంటుంది. బ్యాండేజీ కట్టి ఆడించడం మాత్రం ఇక ఎప్పుడూ వద్దు. అది నొప్పిని తగ్గించదు, దాస్తుంది.


మహేంద్రతనయ – పర్లాకిమిడి – శనివారం రాత్రి 8:45

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

వంశధార గారూ, చిటికెనవేలి వైపే. రాకెట్ నా తమ్ముడిది, వాడు వాడి వదిలేసింది. తీగలు ఎప్పుడు మార్చామో గుర్తులేదు. ఇదెవరూ అడగలేదు ఇన్నాళ్లూ. సోమవారం బరంపురం వెళ్లి కొత్తది చూస్తాను.

అన్నం తినేటప్పుడు మొత్తం చదివి వినిపించాను. దువ్వెన సంగతి దగ్గర తినడం ఆపింది. బల్లార్షా తమ్ముడు రాసింది కూడా దాచకుండా చదివాను. "ఆ అన్నయ్య నిజం చెప్పాడు" అంది. తర్వాత రెండు ప్రశ్నలు అడిగింది, యథాతథంగా రాస్తున్నా. ఒకటి, సానియా ఏ పక్కన నిలబడేది, ఎందుకు? రెండు, హింగిస్ అంత పెద్ద ప్లేయర్ కదా, సానియాతో ఎందుకు ఆడింది?

ఇంకో మాట. సానియా చిన్నప్పుడు హైదరాబాదులో పేడతో అలికిన కోర్టుల మీద ఆడానని చెప్పిందని ఎక్కడో చదివాను, అది కూడా చెప్పాను. మా కోర్టు కూడా నెలకోసారి పేడతో అలుకుతారు. దానికి మొహం వెలిగింది.


ప్రాణహిత – సిరోంచ – శనివారం రాత్రి 9:30

మంచి ప్రశ్నలమ్మా. ఆట అర్థం చేసుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు.

సానియా కుడి పక్కన, డ్యూస్ కోర్టులో రిటర్న్ తీసుకునేది. హింగిస్ ఎడమ పక్కన. కారణం సులువు. కుడిచేతి వాళ్లకి కుడి పక్కన బయటికి వేసిన సర్వీసు ఫోర్‌హ్యాండ్‌కి వస్తుంది. ఎడమ పక్కన బయటికి వేస్తే బ్యాక్‌హ్యాండ్‌కి (చేతి వెనకవైపు ముందుకు ఉంచి కొట్టే దెబ్బకి) వస్తుంది. సానియా బలం ఫోర్‌హ్యాండ్, హింగిస్ బలం బ్యాక్‌హ్యాండ్. అలా ఎవరి బలమైన దెబ్బ బయటివైపు వాళ్లు కాశారు. ఇక మధ్యలో పని పంచుకున్నారు. సానియా వెనక నుంచి గట్టిగా కొడితే అవతలివాళ్లు బంతిని పైకి లేపక తప్పేది కాదు. నెట్ దగ్గర హింగిస్ దాన్ని వదిలేది కాదు. గట్టిగా కొట్టే చెయ్యి ఒకరిది, ముందే పసిగట్టే కన్ను ఇంకొకరిది.

రెండో ప్రశ్నకి: హింగిస్ ఒకప్పుడు సింగిల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆవిడకి సానియా ఫోర్‌హ్యాండ్ సంగతి బాగా తెలుసు. 2006లో సియోల్‌లో సింగిల్స్‌లో సానియా చేతిలో మూడు సెట్లలో ఓడింది కదా. 2015 మార్చిలో ఇద్దరూ కలిసి మొదలుపెట్టి మొదటి మూడు టోర్నమెంట్లూ గెలిచారు: ఇండియన్ వెల్స్, మయామి, చార్లెస్టన్. ఆ ఏడాదే వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఏడాది చివర డబ్ల్యూటీఏ ఫైనల్స్. 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. ఒక్క ఫ్రెంచ్ ఓపెన్ మాత్రం చిక్కలేదు.

డబుల్స్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటి చెప్తా. ఇవాళ పక్కన ఉన్నవాళ్లు రేపు ఎదురుగా ఉంటారు. 2011 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ సానియా వెస్నినాతో కలిసి ఆడింది, చెక్ జోడీ హ్లవాచ్‌కోవా, హ్రదెత్స్కా చేతిలో ఓడింది. నాలుగేళ్ల తర్వాత వింబుల్డన్ ఫైనల్లో నెట్‌కి అవతల ఉన్నది అదే వెస్నినా. 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో ఎదురుపడింది అదే చెక్ జోడీ, ఈసారి సానియా, హింగిస్ గెలిచారు. ఆ నలభై ఒక్క విజయాల వరుసని దోహాలో ఆపిన జోడీలో ఒకరు ఎవరనుకున్నావు? మళ్లీ వెస్నినానే, కసత్కినాతో కలిసి. నీ ఆట మొత్తం తెలిసినవాళ్ల మీద గెలవాలి, వాళ్లతో కలిసి కూడా గెలవాలి. అందుకే కొత్త దెబ్బలు నేర్చుకోవడం ఎప్పటికీ ఆగదు.


రుషికుల్య – బరంపురం – ఆదివారం పొద్దున 7:20

ప్రాణహిత తల్లీ, హ్రదెత్స్కా పేరు ఎత్తావు కాబట్టి ఆ నొప్పి కూడా చెప్పాలి. 2016 రియో ఒలింపిక్స్. రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ డబుల్స్. సెమీఫైనల్లో వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ చేతిలో ఓడారు. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో చెక్ జోడీ హ్రదెత్స్కా, స్టెపానెక్ గెలిచారు. నాలుగో స్థానం. నాలుగు ఒలింపిక్స్ ఆడింది ఆవిడ, పతకం లేదు. గ్రాండ్‌స్లామ్‌లు ఆరు, డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిళ్లు నలభై మూడు, ఏషియన్ గేమ్స్‌లో 2006 దోహాలో పేస్‌తోనూ 2014 ఇంచియాన్‌లో మన సాకేత్ మైనేనితోనూ స్వర్ణాలు. ఒలింపిక్ పతకం మాత్రం రాలేదు. నాకు ఆ రోజు పొద్దున్న కాఫీ కూడా తాగబుద్ధి కాలేదు.


బల్లార్షా కుర్రాడు – బల్లార్‌పూర్ – ఆదివారం పొద్దున 10:05

చెల్లెమ్మా, నా మాట నీకు నచ్చిందని మీ నాన్నగారు రాస్తే సంతోషమేసింది. నా అభిప్రాయం మారలేదు, సింగిల్సే పెద్ద ఆట. అయితే నిన్న రాత్రి నాగావళి గారు చెప్పిన మూడో సెట్ మళ్లీ పెట్టుకుని చూశా. 2-5 దగ్గర సానియా మొహంలో తేడా కనిపించలేదు. నేను అయితే అప్పటికే చేతులెత్తేసేవాణ్ని.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. 2018 అక్టోబర్లో బాబు పుట్టాడు. రెండేళ్లకు పైగా ఆటకి దూరం. తిరిగొచ్చిన మొదటి టోర్నమెంటు, 2020 జనవరిలో హోబర్ట్, ఉక్రెయిన్ అమ్మాయి నాదియా కిచెనోక్‌తో గెలిచేసింది. ఆ మార్చిలో దేశాల జట్లు ఆడే ఫెడ్ కప్‌లో ఇండియా మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్లిన జట్టులోనూ ఉంది, బాబుని వెంటపెట్టుకుని. సింగిల్స్‌లో పట్టుబట్టి ఆ మణికట్టుని, మోకాళ్లని అరగదీసుకుని ఉంటే ముప్పై మూడేళ్లకి అలా వచ్చి గెలిచేదా? ఇది నాకు నిన్నటిదాకా తట్టలేదు.

2023 జనవరిలో ఆఖరి గ్రాండ్‌స్లామ్ కూడా ఫైనల్ దాకా వెళ్లింది, మెల్‌బోర్న్‌లో, బోపన్నతోనే. ఓడారు. మైకు పట్టుకుని, పద్నాలుగేళ్లప్పుడు నా మొదటి మిక్స్‌డ్ జోడీ రోహనే అని చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కోర్టులోనే పద్దెనిమిదేళ్లప్పుడు సెరెనాతో ఆడింది. ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆఖరి టోర్నమెంటు, మార్చిలో మళ్లీ హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు ఆట. చెల్లెమ్మా, ఆ రోహన్ సంగతిలో సానియా వయసు చూశావా, నీ వయసే.


నాగావళి – రాయగడ – ఆదివారం మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, ఇది బాగా చెప్పావు.

మహేంద్రతనయ గారూ, అటక మీది నా రాకెట్ దించాను. అల్యూమినియం చట్రం మీద దుమ్ము తప్ప బాగానే ఉంది. ఇది పెద్దవాళ్లది, పాపకి పంపను, భయపడకండి. కానీ ఇక్కడ మా కాలనీలో ముగ్గురు ఆడపిల్లలు షటిల్ ఆడుతుంటారు. నాలుగో మనిషి కావాలట. పాప చెయ్యి బాగయ్యాక సెలవులకి రాయగడ తీసుకురండి, మజ్జిగౌరి అమ్మవారి దర్శనం చేసుకుని, ఇక్కడి కోర్టులో అడ్డం దూకడం ఎలాగో నేను చూపిస్తాను. భుజం ఒప్పుకున్నంతవరకు.


మహేంద్రతనయ – పర్లాకిమిడి – ఆరు వారాల తర్వాత, మంగళవారం రాత్రి 9:50

ఈ చర్చని మళ్లీ పైకి తెస్తున్నా. మంచి వార్త కాబట్టి తప్పలేదు.

నిన్న డాక్టరు చూశారు. నొప్పి లేదు, వాపు లేదు. రోజుకి ఇరవై నిమిషాలు వాలీలు మాత్రం ఆడొచ్చన్నారు, ఫోర్‌హ్యాండ్ ఇంకో నెల వద్దన్నారు. కొత్త రాకెట్ పిడి దాని చేతికి సరిపోయింది, తీగలు మెత్తటివి వేయించాను. బ్యాండేజీ కట్టిన ఆయన దగ్గర మానిపించేశాం, మనసులో ఏమీ పెట్టుకోలేదు.

ఇవాళ సాయంత్రం క్లబ్బుకి వెళ్లాం. నలుగురు పెద్దవాళ్లలో ఒకాయన రాలేదు, ముగ్గురే ఉన్నారు. మా అమ్మాయి నన్ను అడగలేదు, నేరుగా వెళ్లి "తాతగారూ, నేను నెట్ దగ్గర నిలబడనా? నాకు వాలీలే పర్మిషన్" అంది. ఆయన రిటైర్డ్ తహసీల్దారు, డెబ్భై దాటాయి, సర్వీసు మాత్రం ఇప్పటికీ నేరుగా పడుతుంది. సరే రమ్మన్నారు. ఇది వెళ్లి ఆయన దగ్గర నిలబడి, బంతిని నోటికి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. ఆయన తల ఊపారు. సర్వీసు మధ్య గీత మీదకి వేశారు. అవతలాయన రిటర్న్ కొట్టేలోపే ఇది రెండంగలు అడ్డం దూకి చెయ్యి కదపకుండా రాకెట్ అడ్డం పెట్టింది. బంతి ట్రామ్‌లైన్ పట్టీలో పడి సున్నం లేచింది.

మార్కర్ కుర్రాడు 'ఔట్' అన్నాడు. మా అమ్మాయి వేలు పెట్టి చూపించింది: "డబుల్స్ కదా అన్నా, ఇది లోపలే."

రేపు ఐదున్నరకి రమ్మని తాతగారు చెప్పారు.